మూడు సీసాలు

2025 నవంబర్ 3, సోమవారం

సిద్దిరాములన్న క్లినిక్‌కి వచ్చాడు. ఈ నెల 26న కాశీ బస్సు. ఇరవై ఎనిమిది మంది. ఏటా ఎల్లారెడ్డి నుంచి బస్సు తీస్తాడు, ఏనాడూ సూదుల మాట ఎత్తలేదు. ఈసారి తనే అడిగాడు, బయటి నీళ్లకూ బయటి తిండికీ వచ్చే రోగాలకు ముందుగానే వేసే టీకాలు ఉంటాయట కదా అని. పోయినేడు మా మామయ్య సంగతి అయినప్పటి నుంచి బస్సు మెట్టు ఎక్కాలంటేనే గుండె దడదడమంటోందట.

మామయ్య పేరు సీతారాం. పోయిన నవంబర్‌లో ఇదే బస్సులో వెళ్లాడు. దారిలో జ్వరం. తిరిగొచ్చాక కామారెడ్డిలో ఆస్పత్రి. టైఫాయిడ్ ముదిరి పేగుకు చిల్లు పడిందన్నారు. 29న పోయాడు.

నేను ఈ క్లినిక్‌లో ఆరేళ్లుగా నర్సుని. రోజుకు ఎన్నో సూదులు వేస్తాను. ఆయనకు ఒక టైఫాయిడ్ టీకా వేసి పంపాలని నాకు తట్టలేదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఈసారి అత్తమ్మ వెళ్తోంది.

నవంబర్ 5, బుధవారం

పేషెంట్లు లేని గంట చూసి డాక్టర్ సార్‌ని వరసగా అడిగాను. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వేయాలట. టైఫాయిడ్‌కి ఒక్క సూది చాలు. కలరాకు నోటిచుక్కలు ఉన్నాయి గానీ ఈ ప్రయాణానికి అవసరం లేదన్నారు. పచ్చకామెర్ల టీకా బస్సులో వెళ్లే ఇద్దరు కుర్రవాళ్లకు చాలన్నారు. మరి ముసలివాళ్లకు అంటే నవ్వారు. ఆ తరం వాళ్లలో చాలామందికి చిన్నప్పుడే నీళ్ల కామెర్లు వచ్చి, వచ్చినట్టు కూడా తెలియకుండా పోయి ఉంటాయట. ఒంట్లో ఒక రోగం తెలియకుండా వచ్చి, తెలియకుండా పోయి, కాపలా మాత్రం పెట్టి పోతుందట. బస్టాండ్ దాకా ఇదే ఆలోచించుకుంటూ నడిచాను.

ఇంకో మాట చెప్పారు. టీకా వేశాం కదా అని ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు తాగొద్దని చెప్పు, అది పదిమందిలో ఎనిమిది మందిని కాస్తుంది, మిగతా ఇద్దరు ఎవరో మనకు తెలియదు అని.

నవంబర్ 8, శనివారం

కామారెడ్డి నుంచి టీకాలు తెచ్చాను. వ్యాక్సిన్ క్యారియర్ ఒళ్లో పెట్టుకుని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. లోపలి ఐస్ ప్యాక్‌లు రాయిలా గట్టిగా ఉండకూడదు. ఊపితే లోపల కొంచెం నీళ్లు కదిలిన చప్పుడు రావాలి. లేదంటే మందు గడ్డకట్టి పాడవుతుంది. ప్రతి ప్యాక్‌నీ చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి పెట్టాను. సిద్దిరాములన్న చేపల దుకాణం నుంచి బస్తాడు ఐసుగడ్డలు తెస్తానన్నాడు. వద్దన్నాను. మందు చేప కాదని చెప్పాల్సి వచ్చింది.

కామారెడ్డిలో గ్లోరీని కలిశాను. ఇంటర్‌లో నా పక్కన కూర్చునేది, ఇప్పుడు నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పని. నాకు ఒక కోరిక ఉంది. అత్తమ్మ గంగ తెస్తుంది. ఇల్లిల్లూ తిరిగి అందరి అరచేతిలో పోస్తుంది. అందులో ఏముందో ఒకసారి చూడాలి. గ్లోరీ ఎగతాళి చేసింది, "గంగకు కూడ టెస్టు పెడ్తవా? నీ అత్తకు తెలిస్తె నిన్ను బైట నిలవెడ్తది" అని. అయినా మూడు చిన్న సీసాలు ఇచ్చింది. అడుగున పొడి ఉంటుంది. గీత దాకా నీళ్లు పోసి మూత బిగించి వెచ్చగా పెట్టాలి. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే ఆ నీళ్లలో మురుగు కలిసిందని అర్థం. నల్లబడకపోతే పరవాలేదు. ఏ రోగమో మాత్రం సీసా చెప్పదట.

మూడూ బియ్యం డబ్బా వెనక దాచాను.

నవంబర్ 9, ఆదివారం

సిద్దిరాములన్న వరండాలో అందరికీ వేశాను. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే ఒంటిగంట అయింది. ఒకరికి జ్వరం ఉంటే బుధవారం రమ్మన్నాను. సుభద్రమ్మ చేయి చాపి కళ్లు మూసుకుని, "కాశి పొయ్యి సస్తె పుణ్యమంటరు, నువ్వేమో సావకుంట సూదేస్తున్నవ్, నేనెటు పోవాలె చెప్పు" అంది. అందరూ నవ్వారు. నేను కూడా.

కాశీలో ఇష్టమైనది ఒకటి వదిలేసి రావాలి కదా. ఎవరేం వదులుతారో అక్కడే బేరం మొదలైంది. ఒకాయన బీరకాయ అన్నాడు. ఆయన భార్య వెంటనే, "ఎన్నడు ముట్టినవయ్యా బీరకాయ? చాయ ఇడిశిపెట్టు, అప్పుడు నమ్ముత" అంది. అత్తమ్మ చెప్పలేదు. అక్కడికి పోయాక తోస్తుందట.

అత్తమ్మ సూదికి భయపడదు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేయి, చర్మం దళసరి. వేయించుకుని, చీర కొంగు సర్దుకుంటూ ఒక మాట అంది. "పోయేటోళ్లకు సూదులేస్తున్నవు. ఉండేటోళ్లకో?"

ఉండేవాళ్లు ఇంట్లోనే ఉంటారు కదా అన్నాను.

నవంబర్ 11, మంగళవారం

లక్ష్మీరాజం వచ్చాడు. రాకముందు అరగంట రోడ్డుకు అవతల నిలబడి ఉన్నాడు, నేను కిటికీలోంచి చూశాను.

పోయినేడు బస్సులో వంట ఆయనదే. ఈ చుట్టుపక్కల ఏ పెళ్లయినా ఆయన గరిటె లేకుండా జరిగేది కాదు. మామయ్య పదకొండో రోజున అత్తమ్మ అందరి ముందూ అనేసింది, "వాని చేతి తిండి తిని పాయె నా పెనిమిటి" అని. అంతే. ఆ మాట ఎల్లారెడ్డి అంతా తిరిగింది. ఏడాదిగా ఆయనకు ఒక్క వంట రాలేదు. రైస్ మిల్లులో బస్తాలు మోస్తున్నాడు. ఈసారి బస్సులోకి సిద్దిరాములన్న వేరే వంటాయన్ని మాట్లాడుకున్నాడు.

ఇప్పుడు ఒమన్ పోతున్నాడట, కూలీల క్యాంపులో వంటకు. డిసెంబర్ 20న విమానం. వంటవాళ్లకు టైఫాయిడ్ టీకా వేసినట్టు కాగితం కావాలన్నారట. వేశాను. చొక్కా చేయి దించుకుంటూ అడిగాడు, "చెల్లె, ఈ సూది ఏసుకుంటె నా చేతుల ఏమన్న ఉంటె పోతదా?"

అన్నా, ఈ సూది నిన్ను కాస్తుంది, చేతుల్లో ఉన్నదాన్ని తీసేయదు అన్నాను. ఒంట్లో ఆ క్రిమిని మోస్తున్నామో లేదో తెలియడానికి మలం పరీక్ష ఉంటుందని చెప్పాను. మడతలు అరిగిపోయిన కాగితం జేబులోంచి తీశాడు. పోయినేడు డిసెంబర్‌లోనే చేయించుకున్నాడట. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడింటిలోనూ ఏమీ లేదు.

"ఎవరికి జూపాలె చెల్లె ఈ కాయితం? నోటీసు బోర్డుల పెట్టాల్నా?" అన్నాడు.

కాగితం తిరిగి మడిచి ఇచ్చాను.

నవంబర్ 12

లక్ష్మీరాజం వచ్చాడని అత్తమ్మకు చెప్పలేదు.

నవంబర్ 18, మంగళవారం

మామయ్య సంవత్సరీకం. అజయ్ జంధ్యం లేని భుజం మీద తువాలు వేసుకుని అయ్యగారు చెప్పినట్టల్లా చేశాడు. అజయ్ నా భర్త. బోరు మోటార్లు రిపేర్ చేస్తాడు. మాటలు తక్కువ, మోటారుతో తప్ప. అత్తమ్మ ఏడవలేదు. ఏడాది మైల తీరింది, ఇక కాశీలో ఆయన పేరున పిండం పెట్టి వస్తే తన పని అయిపోతుందంది.

నవంబర్ 25, మంగళవారం, మధ్యాహ్నం

అత్తమ్మ క్యాన్ కడిగింది. ఇరవై లీటర్ల తెల్ల క్యాన్. మామయ్య పోయినేడు ఇదే తీసుకుపోయాడు. మా ఇంటి పద్ధతి ఇది, ఎంత దూరం పోయినా ఇంటి బోరు నీళ్లే తాగడం. మా బోరు నీళ్లు తియ్యగా ఉంటాయి. వీధిలో వాళ్లు కూడా పప్పు ఉడకడానికి బిందెడు తీసుకుపోతారు. సర్కారు నల్లా ఉంది గానీ బట్టలకే. కాచి చల్లార్చి పోస్తానంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "కాగిన నీళ్లు సప్పగుంటయి బిడ్డా. దూప తీరది."

సరే అన్నాను.

నాకు సీసాలు గుర్తొచ్చాయి. గంగ వచ్చేలోపు ఇవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవాలి కదా. మంచి నీళ్లు పోస్తే ఎలా ఉంటుందో ముందు చూస్తే, తర్వాత తేడా తెలుస్తుంది. మా బోరు నీళ్లు ఒక సీసాలో గీత దాకా పోసి, మూత బిగించి, చలికాలం కాబట్టి బియ్యంలో గుచ్చిపెట్టాను. పొడి కరిగి నీళ్లు లేత పసుపు రంగుకు తిరిగాయి.

నవంబర్ 26, బుధవారం

పొద్దున ఆరింటికి బస్సు కదిలింది. కొబ్బరికాయ కొట్టారు. క్యాన్ అత్తమ్మ కాళ్ల దగ్గరే. పక్క సీటు సుభద్రమ్మ అప్పుడే ఒక గ్లాసు తాగి, నీళ్లు బాగున్నాయంది.

పోయినవాళ్ల వెనక ఇల్లు ఊడ్వకూడదు. మధ్యాహ్నం దాకా ఊడ్వలేదు.

నవంబర్ 27, గురువారం, పొద్దున 7

సీసా నల్లగా ఉంది.

అదే రోజు, 11 గంటలు

మధ్యమధ్య రాస్తున్నాను. ముందు నమ్మలేదు. బియ్యంలో పెట్టినందుకేమో అనుకున్నాను, పొడి పాతదేమో అనుకున్నాను, నా చేయి తగిలిందేమో అనుకున్నాను. గ్లోరీకి ఫోన్ చేశాను. ఎంత నల్లగా ఉందని అడిగింది. తారులా అన్నాను. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కుని, బోరు పైపు మూతిని కాల్చి, కాసేపు నీళ్లు వదిలి, రెండో సీసా నింపమంది. "కాని రిజల్టు కొరకు ఆగకు. ఆ నీళ్లు తాగుడు ఇప్పుడే బంజెయ్యిండ్లి" అంది. బావికి గానీ బోరుకు గానీ దగ్గర్లో ఏమన్నా గుంత ఉందా అని అడిగింది.

ఉంది. పెరట్లో. పోయినేడు దసరా సెలవుల్లో అజయ్ తనే రింగులు దించి కొత్త లెట్రిన్ గుంత కట్టాడు. మొన్న ఆగస్టు వానలకు అది పొంగింది కూడా.

సాయంత్రం 5

పొద్దటి నుంచి చేస్తుంటే సిద్దిరాములన్న ఫోన్ ఇప్పటికి కలిసింది. దారిలో గుళ్లు చూసుకుంటూ బస్సు నాగపూర్ దాటి జబల్‌పూర్ వైపు పోతోందట. క్యాన్ నీళ్లు పారబోయించమన్నాను. ఎందుకన్నాడు. తనే అందించాడు, "ఏంది, మోటర్ నూనె గిట్ల కలిసిందా?" అని.

అవునన్నాను.

అత్తమ్మ ఫోన్ లాక్కుంది. ఇంటి నీళ్లు పారబొయ్యమంటావా అంది. "సూది ఏస్తివి కద, ఇంక నీళ్లకు భయమెందుకు? నీ సూది మీద నీకే నమ్మకం లేదా?" పదిమందిలో ఎనిమిది మంది లెక్క చెప్పబోయాను. ఫోన్ పెట్టేసింది.

నవంబర్ 28, శుక్రవారం

భోజనాలకు ఆగినప్పుడు, అత్తమ్మ స్నానానికి పోయింది చూసి సిద్దిరాములన్న క్యాన్ ఒంపేశాడట. అత్తమ్మ ఆయనతో మాట్లాడటం లేదట.

క్లినిక్‌లో ఎవరూ లేనప్పుడు డాక్టర్ సార్‌ని అడిగాను, టైఫాయిడ్ క్రిమి కడుపులోకి పోయాక జ్వరం ఎన్నాళ్లకు వస్తుందని. ఎక్కువగా ఎనిమిది నుంచి పద్నాలుగు రోజులు, ఒక్కోసారి వారమే, ఒక్కోసారి నెల అన్నారు. ఎవరి గురించి అని అడగలేదు. అలా అడగకపోవడం ఆయన మంచి గుణం.

ఇంటికి వచ్చి పోయినేడాది డైరీ తీశాను. నా చేతిరాతే. ఎవరో రాసిన దానిలా చదివాను.

2024 అక్టోబర్ 10: ఆడబిడ్డ వినీత దసరాకు బీర్కూర్ నుంచి వచ్చింది. జ్వరంతోనే వచ్చింది. టైఫాయిడ్ మాత్రలు వాడుతోందట.
అక్టోబర్ 16: కొత్త లెట్రిన్ వాడకం మొదలు. అజయ్ సంతోషం. వినీత ఇంకా ఇక్కడే ఉంది.
నవంబర్ 2: అజయ్‌కి నాలుగు రోజులుగా జ్వరం. డెంగీ కాదన్నారు. తగ్గింది.
నవంబర్ 10: మామయ్య కాశీ బస్సు ఎక్కాడు.
నవంబర్ 14: మామయ్య ఫోన్. రెండు రోజులుగా ఒళ్లు వెచ్చగా ఉందట. బయటి నీళ్లు తాగొద్దన్నాను. మన క్యాన్ నీళ్లే తాగుతున్నానన్నాడు. అలాగే తాగమన్నాను.

బస్సు ఎక్కింది 10న. జ్వరం 12న. వేళ్ల మీద వెనక్కి లెక్కపెట్టాను. ఎనిమిది రోజులు వెనక్కి పోయినా, పద్నాలుగు పోయినా, వారమే పోయినా, మామయ్య మా ఇంట్లోనే ఉన్నాడు. అప్పటికి లక్ష్మీరాజం వండింది ఒక్క ముద్ద కూడా తినలేదు.

నవంబర్ 29, శనివారం

రెండో సీసా కూడా నల్లబడింది.

మామయ్య పోయి ఇంగ్లిషు తారీకు ప్రకారం ఈ రోజుకు ఏడాది.

అజయ్‌కి రెండు సీసాలూ చూపించాను. ముందు డైరీ చూపించలేదు. ఎలా చేస్తారో, ఎందుకు నల్లబడుతుందో అన్నీ చెప్పాను. మోటారు గురించి వింటున్నట్టే విన్నాడు, ఒకటి రెండు ప్రశ్నలు అడిగాడు, మంచి ప్రశ్నలే. తర్వాత టేపు తెచ్చి బోరు నుంచి గుంతకు కొలిచాడు. పద్నాలుగు అడుగులు. ఇంకోసారి కొలిచాడు. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు డైరీ అడిగాడు. నేను చెప్పకుండానే.

చదివి, వినీతకు చెప్పొద్దన్నాడు. అన్నం తినలేదు.

నవంబర్ 30, ఆదివారం

అజయ్ బోరు మోటారు పైకి తీసేశాడు. పైపులన్నీ పెరట్లో పరిచి ఉన్నాయి. వీధిలోవాళ్లు బిందెలతో వచ్చి అడిగితే మోటారు కాలిపోయిందని చెప్తున్నాడు. అంటే ఈ ఇంట్లో ఇప్పుడు అబద్ధాలు రెండు. నాదొకటి, ఆయనదొకటి.

నల్లా నీళ్లు కాచి తాగుతున్నాం. సప్పగానే ఉన్నాయి. అత్తమ్మ చెప్పింది నిజమే.

డిసెంబర్ 3, బుధవారం

రోజూ సాయంత్రం సిద్దిరాములన్నకు ఫోన్. ఎవరికైనా జ్వరం వచ్చిందా, విరేచనాలు అయ్యాయా అని అడగడం. విసుక్కుంటున్నాడు. ఈ రోజు మాత్రం తనే చేశాడు. సుభద్రమ్మకూ ఇంకొకామెకూ రెండు రోజులుగా మోషన్స్. జ్వరం లేదు. ఓఆర్‌ఎస్ తాగించమన్నాను, పొడి వాళ్ల సంచీలోనే పెట్టి పంపాను.

టైఫాయిడ్ టీకా అన్ని విరేచనాలనూ ఆపదు. ఇద్దరూ అత్తమ్మకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లే. క్యాన్ నీళ్లు తాగినవాళ్లే.

ఫోన్ పెట్టేముందు సిద్దిరాములన్న అన్నాడు, "ఈ కొత్త వంటాయన చెయ్యి కూడ మంచిగలేదు సాయిలతా. వచ్చినంక వీన్ని కూడ బంజేస్త."

ఆ వంటాయన పేరు కూడా నాకు తెలియదు. రామారెడ్డి అనే ఊరి నుంచి వచ్చాడట.

డిసెంబర్ 4

మోటారు నూనె అంటే అవునన్నది నేనే. ఆ అబద్ధానికి ఇంకో మనిషి బలి అయ్యేట్టున్నాడు. అత్తమ్మ రాగానే చెప్పాలి. అజయ్ తను చెప్తానన్నాడు. నాకు నమ్మకం లేదు.

డిసెంబర్ 8, సోమవారం

బస్సు వచ్చింది. అందరూ నడుచుకుంటూనే దిగారు. లెక్కపెట్టుకున్నాను, ఇరవై ఎనిమిది. అత్తమ్మ నల్లబడింది, కానీ గట్టిగా ఉంది. చంకలో మూత అతికించిన రాగి గంగ చెంబు.

కాశీలో ఏం వదిలావని అడిగాను. చెప్పలేదు. వదిలింది లక్ష్మీరాజం మీది కోపం అయితే బాగుండు అని ఒక ఆశ. ఇది రాయడానికి కొంచెం సిగ్గుగా ఉంది.

డిసెంబర్ 9, మంగళవారం

అజయ్ చెప్పాడు. నేలను చూస్తూ, "బోరు నీళ్లు మంచిగ లెవ్వవ్వా" అని అంతే. అత్తమ్మ నవ్వింది. "మీ బాపు ఏయించిన బోరురా అది. ముప్పయేండ్లు తాగినం. ఎవలికేమైంది?"

ఆమె మా ఇద్దరి మొహాలూ చూసింది. పెరట్లో పరిచిన పైపులు చూసింది. అప్పుడు నేను చెప్పాను. వినీత పేరు తీయలేదు. గుంత, పద్నాలుగు అడుగులు, క్యాన్, తారీకులు. వేళ్ల మీద లెక్కపెట్టి చూపించాను. నా టీకా మరుపు కూడా చెప్పాను. అజయ్ లేచి బయటికి పోయాడు.

అత్తమ్మ చాలాసేపు బీడీ ఆకుల చాట ముందు పెట్టుకుని కూర్చుంది, ఒక్క ఆకు కత్తిరించలేదు. చివరికి అంది, "నువ్వు జెప్తె నమ్మ. వాడు జెప్తె నమ్మ. ఆ సీస నాకియ్యి. నేను నింపుకుంట."

మూడోది, గంగకని దాచింది. ఇచ్చాను. అజయ్ లోపలికి వచ్చి మోటారు మళ్లీ దించాడు. మూడు గంటలు పట్టింది. ఒక్క సీసా నీళ్ల కోసం. పక్కింటామె బిందెతో గోడ మీది నుంచి తొంగిచూస్తే అత్తమ్మ వెనక్కి పంపేసింది.

ఎలా నింపాలో ఒక్కసారి చెప్పాను. చేతులు మూడుసార్లు కడుక్కుంది. గీత దగ్గర ఒక్క బొట్టు కూడా ఎక్కువ పోయలేదు.

డిసెంబర్ 10

బియ్యంలో పెట్టనివ్వలేదు. మేము ఏమన్నా చేస్తామని అనుమానం. కొంగులో ముడేసుకుని బొడ్లో దోపుకుంది. ఒంటి వేడికి ఇంకా తొందరగా తేలుతుందేమో. అది చెప్పలేదు.

డిసెంబర్ 11, గురువారం

పొద్దున చాయ్ తాగి ముడి విప్పింది. నల్లగా ఉంది. వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "మిషి లెక్కున్నది" అంది, పళ్లకు పెట్టుకునే నల్లపొడి.

మళ్లీ ముడేసి, చెప్పులు వేసుకుని, నన్ను రమ్మంది.

లక్ష్మీరాజం ఇల్లు రైస్ మిల్లు వెనక. ఏడాదిగా ఆ సందులోకి మేము పోలేదు. ఆయన భార్య కృపాజ్యోతి గుమ్మంలో నిలబడి లోపలికి రమ్మనలేదు. రమ్మనకపోవడం న్యాయమే. అత్తమ్మ మెట్టు మీదే కూర్చుంది. ముడి విప్పి సీసా పక్కన పెట్టింది. లక్ష్మీరాజం బనీను మీదే బయటికి వచ్చాడు.

"ఏడాది సంది నీ చెయ్యిని తిట్టిన. ఇగో, ఇది మా బోరు" అంది.

నేను వివరించాను. ఆయన సీసా చేతిలోకి తీసుకున్నాడు. మూత జోలికి పోవద్దన్నాను. చాలాసేపు చూశాడు. కోప్పడతాడేమో అనుకున్నాను, ఏడుస్తాడేమో అనుకున్నాను. "గింతదా?" అన్నాడు. అంతే. కృపాజ్యోతి మాత్రం ఊరుకోలేదు. ఏడాదిలో తను విన్న మాటలన్నీ వరసగా, పేర్లతో సహా చెప్పింది. అత్తమ్మ ఒక్కదానికీ అడ్డం చెప్పలేదు. అవి అయిపోయేదాకా కూర్చుంది.

తర్వాత పద్నాలుగున గంగ పూజ అంది, వంటకు రమ్మంది. ఆయన, "నేను ఇరవై తారీకు పోతున్నవ్వా" అన్నాడు.

"పోయేటోనివి పో. నా ఇంట్ల వండి పో."

సీసా అక్కడే మర్చిపోయి వచ్చాం. మర్చిపోయిందో, వదిలేసిందో.

డిసెంబర్ 12

అత్తమ్మ సిద్దిరాములన్న ఇంటికి తనే పోయి చెప్పి వచ్చింది. మోటారు నూనె కాదని కూడా. రామారెడ్డి ఆయనకు ఫోన్ చేయించిందట. అజయ్ ఇల్లిల్లూ తిరిగి, మా బోరు నీళ్లు పట్టుకుపోయినవాళ్లందరికీ చెప్పాడు. ఇద్దరు తిట్టారు. తొమ్మిదిమంది టీకా కోసం పేర్లు రాయించారు. ఉండేవాళ్లు.

డిసెంబర్ 14, ఆదివారం

గంగ పూజ. సందులో పొయ్యి. నల్లా నీళ్లు పెద్ద గిన్నెలో తెర్లుతున్నాయి. లక్ష్మీరాజం గరిటె పట్టుకున్న తీరు చూస్తే ఏడాది బస్తాలు మోసినవాడిలా లేడు. అత్తమ్మ గంగ చెంబు తెచ్చి అందరి చేతుల్లో పోయబోయింది. లక్ష్మీరాజమే నా వైపు చూశాడు. "చెల్లె, ఎసట్ల పొయ్యాల్నా?" అన్నాడు.

అత్తమ్మ ఆగింది. చెంబునూ, తెర్లుతున్న ఎసరునూ చూసింది. తనే వంగి మొత్తం పోసేసింది. అందరికీ అన్నంలో వస్తుంది అంది. ఆ గంగ ఏ రంగుకు తిరిగేదో నాకు ఇక తెలియదు. సీసా కూడా లేదు.

విస్తళ్లు వేశారు. జనం కూర్చున్నారు గానీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. పోయినేటి మాట అందరికీ గుర్తుంది. పెట్టేవాళ్లు చివర్లో తింటారు, అది పద్ధతి. అత్తమ్మ పోయి మొదటి పంక్తిలో మొదటి విస్తరి ముందు కూర్చుంది. లక్ష్మీరాజాన్నే వడ్డించమంది. అందరూ చూస్తుండగా మొదటి ముద్ద తనే తింది. నమలడం కూడా నెమ్మదిగా, అందరికీ కనిపించేట్టు. అప్పుడు సుభద్రమ్మ కలుపుకుంది. తర్వాత మిగతావాళ్లు.

కాకరకాయ వేపుడు దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ విస్తరి మీద చేయి అడ్డం పెట్టింది. "కాశిల ఇడిశిపెట్టిన" అంది.

అజయ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. రెండు వారాల తర్వాత మొదటిసారి. అత్తమ్మ పుట్టిన నాటి నుంచి కాకరకాయ తినలేదు.

డిసెంబర్ 21, ఆదివారం

లక్ష్మీరాజం నిన్న వెళ్లిపోయాడు. నల్ల సీసా వాళ్లింట్లో గూట్లో ఉందట, దేవుడి పటం పక్కన. కృపాజ్యోతి దానికి బొట్టు పెట్టిందట.

మూత తీయొద్దని మళ్లీ కబురు పంపాను.